ఆటిజం పిల్లల చేతికి ‘బుద్ధిమాంద్యం’ పత్రం ఎలా వచ్చింది?

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రాల స్థానంలో దేశమంతా చెల్లే యూడీఐడీ గుర్తింపు కార్డులు వస్తుండటంతో నల్లగొండ, పాలమూరు వైపు పాత పేచీ మళ్లీ మొదలైంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరి పత్రం మీద ఇప్పటికీ ‘బుద్ధిమాంద్యం’ అనే ఉంది. దాన్ని మార్చమని తల్లిదండ్రులు అడుగుతున్నారు. పింఛన్ వస్తోంది కదా, పేరు ఏదైతే ఏంటన్నది అవతలి వాదన. పింఛన్ వరకు అది నిజమే. ఆసరా కింద ఇచ్చే 4,016 రూపాయలు వైకల్యం పేరును బట్టి పెరగవు, తగ్గవు. కానీ పేచీ పింఛన్‌తో ఆగేది కాదు.

దీని మూలం 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉంది. ఆ చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడే. అందులో బుద్ధిమాంద్యం ఉంది, మానసిక రుగ్మత ఉంది, ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి చేర్చుకున్నా, అది ప్రధానంగా సంరక్షణకు, సంరక్షకుల నియామకానికి సంబంధించింది. పత్రం కావాలంటే ఆ ఏడింటిలో ఎక్కడో ఒకచోట ఇమడాల్సిందే. డాక్టర్లు దగ్గరగా అనిపించింది రాశారు, తల్లులు ఇచ్చింది తీసుకున్నారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కాకపోతే ఒకసారి పడ్డ ఆ పేరే బడిలో, ఊళ్లో ఆ బిడ్డకు గుర్తింపైపోయింది.

కొలిచే సాధనం లేకనా అంటే అదీ కాదు. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఆటిజాన్ని అంచనా వేసే భారతీయ స్కేలును 2009 నాటికే తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 70 చేరితే ఆటిజం. పత్రానికి ఆధారమైన చట్టంలో మాత్రం ఆటిజానికి చోటు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంతోనే దొరికింది. 21 వైకల్యాలను గుర్తించిన ఆ చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది.

పేరు మారితే ఏం మారుతుందో బడిలో తెలుస్తుంది. బుద్ధిమాంద్యం అని రాసి ఉంటే టీచర్ పాఠాన్ని తేలిక చేసి, మళ్లీ మళ్లీ చెబుతారు. ఆటిజం ఉన్న పిల్లాడికి పాఠం కష్టం కాకపోవచ్చు. గంట చప్పుడు భరించలేకపోవచ్చు, చెప్పకుండా పీరియడ్ మారిస్తే తల్లడిల్లవచ్చు. అతనికి కావాల్సింది రోజు ఎలా నడుస్తుందో చూపే బొమ్మల పట్టిక, మార్పును ముందే చెప్పడం, కాసేపు ఒంటరిగా కూర్చునే చోటు, మాట రాకపోతే బొమ్మ కార్డులు. కొందరిలో రెండూ ఉంటాయి. అప్పుడు రెండూ రాయాలి.

పాలమూరు వలస కుటుంబాలకు ఇది మరీ అవసరం. పని కోసం ముంబైకో పుణెకో పోతే బడి మారుతుంది, టీచర్ మారతారు. పిల్లాడి గురించి కొత్త బడికి చెప్పడానికి అమ్మ దగ్గర మిగిలేది ఆ కాగితమే.

అధికారులు చెప్పే ఇబ్బందీ ఉంది. ఆటిజం పరీక్షకు క్లినికల్ సైకాలజిస్ట్ కావాలి, పిల్లాడిని ఓపికగా గమనించాలి, తల్లిని అడిగి తెలుసుకోవాలి. రద్దీ శిబిరంలో ఐదు నిమిషాల్లో అయ్యేది కాదు. అలాంటప్పుడు వేరే రోజు పెట్టాలి గానీ పాత పేరే కొత్త కార్డులోకి ఎక్కించకూడదు.

కొందరు తల్లులు అడగడానికే జంకుతున్నారు. మళ్లీ పరీక్షిస్తే వైకల్యం 40 శాతం కంటే తగ్గి పింఛన్ పోతుందని వాళ్ల భయం. 2016 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ స్కేలులో 70 మార్కులు వస్తే 40 శాతం వైకల్యంగా లెక్క. అంటే ఆటిజం ఉందని తేలిన బిడ్డ ఆ గీత కిందికి పోడు. పరీక్షకు పిలిచే ముందే ఈ సంగతి వాళ్లకు చెప్పాలి.