రంగు చెప్పేది కొంతే

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దులు కొనేవారి కన్ను ముందు పడేది రంగు మీదే. పళ్లు, సుడులు, నడక ఆ తర్వాత. మైల (బూడిద ఛాయ) ఎద్దుకు మైల ఎద్దే జోడీ కావాలి. రంగు కలవకపోతే ఎంత బలమున్నా జతకు ధర తగ్గుతుంది. దళారి తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చెప్పే అంకెలో ఆ లెక్క కూడా ఉంటుంది. కాడెద్దుల విషయంలో దీన్ని నేను తప్పుపట్టను. జత అందంగా కనిపించాలని కోరుకోవడం రైతు ముచ్చట. పాడి ఆవుల దగ్గరే చిక్కు వస్తోంది. నలుపు తెలుపు మచ్చలుంటే హెచ్‌.ఎఫ్‌. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడి జాతి) అనీ, లేత గోధుమ ఛాయ ఉంటే జెర్సీ అనీ అనుకుని, రోజుకు ఇన్ని లీటర్లని లెక్క వేసి, అప్పు చేసి మరీ కొంటున్నారు.

రంగుకు ధర కట్టడం అమెరికాలో ఏకంగా ఒక పద్ధతిగా స్థిరపడింది. అక్కడ 1978లో ‘సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్’ అనే ముద్ర మొదలైంది. అది దక్కాలంటే పశువు ఒంటి మీద సగానికి పైగా నలుపు ఉండాలి. మాంసంలోని కొవ్వు చారలు వగైరా తర్వాత విడిగా పరీక్షిస్తారు. ఆంగస్ నల్ల జాతి కాబట్టి నల్ల చర్మమే ఆ రక్తానికి గుర్తయింది, వేలంపాటల్లో నల్ల దూడలకు ధర పెరిగింది. దాంతో సిమ్మెంటల్, లిమోసిన్ వంటి ఎరుపు, పసుపు ఛాయల జాతులను పెంచేవారు కూడా ఆంగస్‌తో సంకరం చేసి తమ మందలను నల్లబరుచుకున్నారు.

అది అంత తేలికగా జరగడానికి కారణం ఎం.సి.1.ఆర్. అనే ఒక్క జన్యువు. అందులో నలుపు బహిర్గతం (ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపిస్తుంది), ఎరుపు అంతర్గతం (రెండు ప్రతులూ ఎరుపైతేనే కనిపిస్తుంది). రెండు నలుపు ప్రతులున్న ఆబోతుతో ఎర్ర ఆవును దాటిస్తే పుట్టే దూడ నల్లనిదే. అలాంటి నల్ల సంకరాలు తమలో తాము కలిస్తే, సగటున నాలుగు దూడల్లో ఒకటి ఎర్రగా పుడుతుంది. ఆ ఎర్ర దూడకూ దాని నల్ల తోబుట్టువుకూ తల్లీ తండ్రీ ఒకటే. పెరుగుదలను, మాంసం గుణాన్ని నడిపించే జన్యువులు వందలు, వేలు. వాటితో ఈ ఒక్క జన్యువుకు పెద్దగా సంబంధం లేదు. అయినా వేలంలో ఎర్రదానికి తక్కువ పలుకుతుంది.

రంగు నిజం చెప్పే సందర్భమూ ఉంది. హెర్‌ఫర్డ్ జాతి తెల్ల ముఖం కూడా బహిర్గత లక్షణమే. ఆంగస్‌తో కలిపితే నల్ల ఒళ్లు, తెల్ల ముఖంతో దూడ పుడుతుంది, తల్లిదండ్రులిద్దరి ఆనవాళ్లూ ఒకే చోట కనిపిస్తాయి. అలాంటి మొదటి తరం సంకరంలో సంకర తేజం (రెండు జాతులు కలిసినందువల్ల వచ్చే అదనపు బలం) నిండుగా ఉంటుంది. ఆ సంకరాలనే తమలో తాము కలుపుతూ పోతే రెండో తరానికి అందులో సగం పోతుంది.

ఇక మన ఆవుల సంగతి. ఒంగోలు ఆవుకు హెచ్‌.ఎఫ్‌. వీర్యం ఎక్కిస్తే దూడ సాధారణంగా ఒళ్లంతా నల్లగా, పొట్ట కిందో నుదుటి మీదో కాస్త తెలుపుతో పుడుతుంది. పెద్ద పెద్ద మచ్చలు అంతర్గత లక్షణం కనుక మొదటి తరంలో అణిగిపోతాయి. సగం హెచ్‌.ఎఫ్‌. రక్తమున్న ఆ కర్రి ఆవు సంతలో వెనకబడుతుంది, పుట్టుపూర్వోత్తరాలు తెలియని మచ్చల ఆవు ముందుకెళుతుంది. పైగా అనంతపురం ఎండల్లో విదేశీ రక్తం మరీ ఎక్కువైతే ఆవు రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది, పాలూ తగ్గుతాయి. మన మైదానాలకు 50 నుంచి 62.5 శాతం చాలని పశు శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు.

ఎండ విషయంలో రంగు చేసే మేలు చూడాలంటే ఒంగోలు గిత్తను దగ్గరగా చూడండి. తెల్లటి పొట్టి వెంట్రుకలను వేలితో పక్కకు తీస్తే కింద చర్మం నల్లగా కనిపిస్తుంది. వెంట్రుకలు ఎండను తిప్పికొడతాయి, వాటిని దాటి వచ్చిన అతినీలలోహిత కిరణాలను నల్ల చర్మం ఆపుతుంది. దూడ ఎర్రటి ఛాయతో పుట్టినా కంగారు పడనక్కర్లేదు, కొన్ని నెలల్లో తెల్లబడుతుంది.

పాడి ఆవును కొనేటప్పుడు పొదుగు, పాల నరం చూడాలి. వరుసగా మూడు పూటలు దగ్గరుండి పిండించాలి. జెర్సీ పాలలో వెన్న ఎక్కువ, హెచ్‌.ఎఫ్‌.లో పాల పరిమాణం ఎక్కువ. కాబట్టి పాల కేంద్రంలో వెన్న శాతం కట్టించాకే ధర మాట్లాడాలి. చెవికి 12 అంకెల పసుపు ట్యాగు ఉంటే ఆ నంబరు రాసుకుని పశువైద్యశాలలో అడగండి. కృత్రిమ గర్భధారణ వివరాలు నమోదై ఉంటే, ఏ ఆబోతు వీర్యం వాడారో అక్కడే తెలుస్తుంది.