214 కోట్ల దగ్గర నిండిపోయే లెక్క: 2038 సమస్య వెనుక ఉన్న సంఖ్య

2038 జనవరి 19, అంతర్జాతీయ ప్రామాణిక కాలమానం ప్రకారం తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లు. సమయాన్ని ఇంకా 32 బిట్లలోనే (ఒక్కో బిట్‌లో 0 గానీ 1 గానీ పడుతుంది) దాచుకునే పాత కంప్యూటర్ వ్యవస్థలు ఏవైనా మిగిలి ఉంటే, వాటి సెకన్ల లెక్క అక్కడితో నిండిపోతుంది. 1970 జనవరి 1 నుంచి లెక్కపెడుతూ వచ్చిన సెకన్లు అప్పటికి 2,14,74,83,647 అవుతాయి. మరుసటి సెకనుకే లెక్క మైనస్‌లోకి తిరగబడి, తేదీ 1901 డిసెంబర్ 13కి వెళ్లిపోతుంది.

కారణం చిన్నదే. 32 బిట్లలో ఒకటి ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి పోతుంది. మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇది: 31 రెండ్లను గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది.

కంప్యూటర్లు రాకముందే గణితంలో దీనికి పేరుంది. 1644లో ఫ్రెంచ్ సన్యాసి మెర్సెన్ ఇలాంటి ప్రధాన సంఖ్యల జాబితాలో దీన్నీ చేర్చాడు. ఆ జాబితాలో తప్పులున్నాయి గానీ, దీని విషయంలో ఆయన మాట నిజమే. దాన్ని తేల్చింది స్విస్ గణితవేత్త ఆయిలర్, 1772లో. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది.

గుడ్డిగా భాగించుకుంటూ పోతే 46,340 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే దాదాపు 4,800 సార్లు భాగించి చూడాలి. కానీ ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు 1 మిగలాలి; 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ జల్లెడలో 3, 5, 7, 11 అన్నీ రాలిపోతాయి. మొట్టమొదట నిలిచేది 311, ఆ తర్వాతది ఏకంగా 1,303. మొత్తం మీద మిగిలేవి వంద లోపే. ఏదీ నిశ్శేషంగా భాగించలేదు. నాకైతే ఈ కథలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే.

దీన్నుంచి పుట్టిన పరిపూర్ణ సంఖ్యను (తనను తప్ప మిగతా భాజకాలన్నీ కలిపితే తనే వచ్చే సంఖ్యను) మించినది ఇక ఎవరూ కనిపెట్టబోరని 1811లో బార్లో అనే ఇంగ్లిష్ గణితవేత్త రాసేశాడు. పాపం! తెలిసిన ప్రధాన సంఖ్యల్లో పెద్దదిగా దీని రికార్డే 1867లో పోయింది.

ప్రధాన సంఖ్య కావడానికీ 2038 చిక్కుకీ మాత్రం సంబంధం లేదు. సంఖ్య ప్రధానమైనా కాకపోయినా బిట్లు నిండితే నిండినట్టే. ఆ గుణం పనికొచ్చింది వేరేచోట. 1988లో పార్క్, మిల్లర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు సూచించిన ర్యాండమ్ నంబర్ల పద్ధతిలో, ముందు వచ్చిన సంఖ్యను 16,807తో గుణించి, దీనితో భాగించి, శేషాన్ని తీసుకుంటారు. భాజకం ప్రధాన సంఖ్య కాబట్టే, గుణకాన్ని సరిగ్గా ఎంచుకుంటే 1 నుంచి 2,14,74,83,646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కసారి వచ్చాకే వరుస మళ్లీ మొదలవుతుంది.

2014లో యూట్యూబ్‌లో ఒక కొరియన్ పాట వ్యూస్ ఈ హద్దు దాటేలా ఉండటంతో కౌంటర్‌ను 64 బిట్లకు మార్చారు. 2038కీ మందు అదే. సెకన్లను అలా దాచుకుంటే 29,000 కోట్ల ఏళ్లకు పైగా టెన్షన్ ఉండదు. అయితే ఈసారి పై హద్దు 63 రెండ్ల లబ్ధం కన్నా ఒకటి తక్కువ. 63 మూడుకి గుణిజం కాబట్టి ఈ కొత్త సంఖ్య ప్రధానం కాదు, మూడు రెండ్ల లబ్ధం కన్నా ఒకటి తక్కువైన 7తోనే నిశ్శేషంగా భాగమైపోతుంది.