క్లచ్ దాకా చేరడమే పెద్ద పని

హైదరాబాద్

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మన షెడ్డులో ఉన్న పాత ఇంగ్లిష్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ సీట్లు బయట, గేర్ బాక్సు నేల మీద ఎందుకున్నాయని ఇంటికొచ్చిన పిల్లలందరూ అడుగుతున్నారు. క్లచ్ మారుస్తున్నాను. బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు మీలో ఉన్నారు. రేపు మీరూ ఈ పనికి దిగుతారు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

సిగ్నల్ దగ్గర చక్రాలు ఆగాలి, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉండాలి. ఆ రెంటినీ కలిపేదీ విడదీసేదీ క్లచ్. మీ రెండు అరచేతులూ గట్టిగా అదిమి ఒక చేతిని తిప్పి చూడండి, రెండోదీ తిరుగుతుంది. పట్టు వదులు చేస్తే జారిపోతుంది. అందులో ఒక అరచెయ్యి ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్; రెండోది గేర్ బాక్సు షాఫ్టు మీద కూర్చునే క్లచ్ ప్లేటు. అదిమి పట్టే బలం ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగుది. పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగ్ ఆ స్ప్రింగును నొక్కి పట్టు విడిపిస్తుంది. జారిన ప్రతిసారీ ప్లేటు మీద ఉండే లైనింగ్, అంటే రాపిడి పొర, కాస్త అరుగుతుంది. పంజాగుట్ట ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద పాకుతూ పోయే బండికి లైనింగ్ తొందరగా పోవడంలో వింతేమీ లేదు.

టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. అలా కాకుండా గేర్లు పడేటప్పుడు కరకరమంటే మాత్రం గేర్ బాక్సు జోలికి అప్పుడే పోకండి. స్పిట్‌ఫైర్ క్లచ్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌లో, కింద గేర్ బాక్సు దగ్గర ఆ ఒత్తిడిని అందుకునే స్లేవ్ సిలిండర్‌లో రబ్బరు సీళ్లు పోయినా, పైపులో గాలి చేరినా ప్లేటు సరిగ్గా విడదు. ముందు అది చూసుకుంటే రెండు రోజుల పని తప్పిపోవచ్చు.

స్పిట్‌ఫైర్ 1962లో వచ్చింది. దానికి ఆధారం అదే కంపెనీ కారు ట్రయంఫ్ హెరాల్డ్. ఆ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారు చేసింది. మీ తాతలను అడగండి, ఒకప్పుడు మన రోడ్ల మీద బాగానే కనిపించేది. ఈ రెంటిలోనూ ఒక సుఖం ఉంది: గేర్ బాక్సు కింద నుంచి కాదు, బండి లోపలి నుంచి బయటికి వస్తుంది. సీట్లు, కార్పెట్ తీసి, మధ్యలో ఉన్న మూత విప్పితే మొత్తం కళ్లెదుటే ఉంటుంది. అదే కాలపు మరో ఇంగ్లిష్ కారు ఎంజీబీ అయితే క్లచ్ కోసం ఇంజన్నే పైకి ఎత్తాలి.

అయినా కొన్ని బోల్టులకు కిందికి దూరక తప్పదు. జాకీ బండిని ఎత్తడానికే, మోయడానికి కాదు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఊపి చూసి, అది కదలకపోతేనే కిందికి వెళ్లాలి. పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

బ్యాటరీ ఎర్త్ వైరు తీసేసి, వెనక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు, స్పీడోమీటర్ కేబుల్, సెల్ఫ్ మోటారు, స్లేవ్ సిలిండర్ విడదీసి, ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీతో ఆనించాక గేర్ బాక్సు వెనక్కి జరుగుతుంది. ఇద్దరు పట్టుకుని ఎత్తాలి. లోపల నల్లటి దుమ్ము ఉంటుంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. గాలి కొట్టి ఊదొద్దు. మాస్కు కట్టుకుని తడి గుడ్డతో తుడవండి.

ఇక్కడ ఆగి చూడండి. పాత ప్లేటు మీద రివెట్లు పైకి తేలాయా? ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్నని పగుళ్లు ఉన్నాయా? నీలం మచ్చ అంటే అక్కడ బాగా కాలిందని అర్థం. గీతలు పడితే బాలానగర్‌లో లేత్ షాపుకి తీసుకెళ్లి పలచగా ఫేసింగ్ చేయించి నున్నగా చేసుకోవచ్చు. పగులు లోతుగా ఉంటే అది మారాల్సిందే. ప్లేటుకి ఆయిల్ అంటిందా? నల్లగా ఉంటే ఇంజన్ వెనక సీలు, ఘాటు వాసన వస్తే గేర్ బాక్సు ముందు భాగం. కారుతున్నది ఆపకుండా కొత్త ప్లేటు వేస్తే డబ్బు నీళ్లపాలు.

ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు క్రాంక్. దాని చివర చిన్న గొట్టంలాంటి కంచు బుష్ ఒకటి ఉంటుంది. గేర్ బాక్సు షాఫ్టు కొన దానిలోనే తిరుగుతుంది. దాన్ని పట్టుకు లాగడానికి వీలుండదు. రంధ్రం నిండా గ్రీజు కూరి, సరిగ్గా ఆ సైజు కడ్డీని పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజుకి పోయే దారి లేక వెనక నుంచి బుష్‌నే బయటికి తోస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేస్తుంది. కొత్త బుష్‌ని రాత్రంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టండి, ఆ కంచులోని సన్నని రంధ్రాలు ఆయిల్ పీల్చుకుంటాయి. బేరింగులు, బోల్టులు రాణీగంజ్‌లో దొరుకుతాయి. స్పిట్‌ఫైర్ క్లచ్ సెట్టు నేను ఇంగ్లండ్ నుంచి తెప్పించాను. కొత్త రిలీజ్ బేరింగ్‌ని పెట్రోల్‌తో కడగొద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

కొత్త ప్లేటు పెట్టేటప్పుడు స్ప్రింగులున్న ఉబ్బెత్తు వైపు గేర్ బాక్సు వైపే ఉండాలి. ప్లేటు సరిగ్గా మధ్యలో నిలవడానికి అలైన్‌మెంట్ కడ్డీ దూర్చి, ప్రెషర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి.

అసలు ఓపిక కావాల్సింది ఆ తర్వాతే. గేర్ బాక్సు షాఫ్టు ముందు ప్లేటు పళ్లలోకి, ఆ పైన బుష్‌లోకి దూరాలి. చివరి అంగుళం దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఎవరికైనా బోల్టులు పెట్టి లాగేద్దామనిపిస్తుంది. లాగితే ప్లేటు మధ్యభాగం వంగుతుంది, లేదా గేర్ బాక్సు చెవి పగులుతుంది. బరువు షాఫ్టు మీద వేలాడనివ్వకూడదు. గేర్ వేసి, గేర్ బాక్సు వెనక ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే ఫ్లాంజిని చేత్తో మెల్లగా తిప్పండి, ఇంజన్ ఎత్తును జాకీతో వెంట్రుకవాసి మార్చి చూడండి. పళ్లు కలిసిన క్షణాన గేర్ బాక్సు తనంతట తాను ముందుకి జారి కూర్చుంటుంది. అలా కూర్చోలేదంటే ఎక్కడో వంకర ఉన్నట్టే. వెనక్కి లాగి మళ్లీ చూడాలి, రాత్రయినా సరే.

గేర్ బాక్సులో జీఎల్ 4 రకం గేర్ ఆయిలే పోయండి, లోపలి ఇత్తడి రింగులకు అదే పడుతుంది. క్లచ్ పైపులో గాలి తీసేటప్పుడు అందులోని ఆయిల్ బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. బంజారాహిల్స్ ఎత్తుల్లో ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేసుకోండి, బండిని క్లచ్ మీద నిలబెట్టకండి.

మీ
తాతయ్య