గిలక్కాయకు ఐఎస్ఐ ముద్ర పడటానికి ఎంతకాలం పట్టింది?

తిరుమలలో పుట్టు వెంట్రుకలు ఇచ్చి, గుండుకు గంధం పూయించుకుని వచ్చిన పసివాడి చేతికి కాసేపట్లో ఏదో ఒక బొమ్మ వస్తుంది. మొక్కు తీరిన సంతోషంలో తాతయ్యలు, మేనమామలు చెయ్యి వెనక్కి తీయని సమయం అది. గిలక్కాయ, ఈల, రంగు బుడగ, నొక్కితే వెలిగే ప్లాస్టిక్ పిట్ట. ఏడాది నిండీ నిండనివాడు ఏది ఇచ్చినా ముందు నోట్లోనే పెట్టుకుంటాడు. ఆ వయసులో వస్తువును తెలుసుకునే తీరే అది. పసివాళ్లను ప్రమాదకరమైన సరుకు నుంచి కాపాడాలని వచ్చిన చట్టాలలో చాలావరకు ఆ నోటి చుట్టూ తిరిగినవే.

ఒకప్పుడు తిరుపతి నుంచి ఇంటికి వెళ్లే బొమ్మ వేరు. ఎర్రచందనం కొయ్యతో చెక్కిన ఆలుమగల జంట అది. తమిళులు మరపాచి అంటారు. చిత్తూరు వైపు దసరా కొలువుల్లో ఇప్పటికీ పాత జంటలు కనిపిస్తాయి. కొయ్యే ఎర్రగా ఉంటుంది కనుక రంగు పూసే పని లేదు. పిల్లలు దాన్ని నాకినా ఒంటికి మంచిదేనని పెద్దవాళ్లు నమ్మేవారు. ఆ నమ్మకాన్ని పక్కన పెట్టినా, పొరలుగా ఊడే పైపూత లేకపోవడం మేలే. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం తరిగిపోయింది. 1995లో ఆ చెట్టు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాకెక్కింది. కొయ్య బంగారమైంది. రంగు పూసిన చౌక కర్ర, ఆ తర్వాత ప్లాస్టిక్ ఆ బొమ్మ చోటులోకి వచ్చాయి.

రంగుతో పాటు సీసం వచ్చింది. సీసం కలిపితే రంగు నిగనిగలాడుతుంది, త్వరగా ఆరుతుంది, చాలాకాలం నిలుస్తుంది. పైగా సీసపు లవణాలు కొన్ని నాలుకకు తియ్యగా ఉంటాయి. ఒకసారి రుచి తెలిసిన పిల్లవాడు మళ్లీ అక్కడికే వెళతాడు. పెద్దవాళ్లతో పోలిస్తే పసివాళ్ల కడుపు మింగిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎముకల్లో నిల్వ ఉంటుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ఫరవాలేదు అనదగిన హద్దు లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇదంతా నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటివైద్యుడు 1904లోనే పిల్లల జబ్బుకు ఇళ్ల వరండాలకు వేసిన సీసపు రంగే కారణమని రాశాడు. అమెరికా ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. గిబ్సన్ రాసిన 113 ఏళ్లకు! అప్పుడు కూడా పారిశ్రామిక రంగులను ఆ నియమాల బయటే ఉంచారు. చిన్న పనిచోట్ల బొమ్మకు ఏ డబ్బాలోని రంగు పూస్తున్నారో ఎవరు చూడాలి?

పాలసీసా కథ ఇంతకంటే ముందు తేలింది. ఉగ్గుగిన్నెతో పాలు పట్టే ఇళ్లలోకి సీసా, పాలపొడి డబ్బా ప్రచారం పట్టుకుని వచ్చాయి. శుభ్రమైన నీళ్లు, సీసాను మరిగించే వీలు లేని ఇళ్లలో అవి బిడ్డలకు విరేచనాలను తెచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సభ 1981లో పాలపొడి ప్రచారాన్ని అదుపు చేసే నియమావళిని ఆమోదించింది. మన పార్లమెంటు 1992లో చట్టం చేసింది, 1993 ఆగస్టు 1 నుంచి అది అమల్లో ఉంది. పాలపొడికి, పాలసీసాకు ప్రకటనలు ఇవ్వరాదు. డబ్బాపై పాప బొమ్మ వేయరాదు. పాలసీసాకు, భారత ప్రమాణానికి సరిపోయిందని చెప్పే ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. 2015లో సవరించిన ప్రమాణం పాలికార్బొనేట్ సీసాలను వద్దంది. ఆ ప్లాస్టిక్ నుంచి పాలలోకి దిగే బిస్ఫినాల్ ఏ అనే రసాయనమే కారణం. ఐరోపా సమాఖ్య ఆ పని 2011లోనే చేసింది.

పాలసీసాకు 1993లో తప్పనిసరి అయిన ముద్ర, అదే పసివాడు అదే నోట్లో పెట్టుకునే గిలక్కాయకు 2021 దాకా అక్కర్లేకపోయింది. తిరుపతి క్షవరమంటే ఇదే. ఒకరికి కాస్త గీసి కూర్చోబెట్టి, మరొకరి దగ్గరికి పోయినట్టు!

బొమ్మల వంతు రావడానికి బయటి దుమారం కావాల్సి వచ్చింది. 2007లో చైనాలో తయారైన లక్షలాది బొమ్మలను అమెరికా కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి. కొన్నింటి రంగులో సీసం ఉంది, కొన్నింటిలో ఊడివచ్చే చిన్న అయస్కాంతాలు ఉన్నాయి. మరుసటి ఏడాది అక్కడ కఠినమైన చట్టం వచ్చింది. మన ప్రభుత్వం 2009 జనవరిలో చైనా బొమ్మల దిగుమతిని ఆరు నెలలపాటు నిషేధించి, మార్చిలోనే ధ్రువపత్రాల షరతుతో సడలించింది. తర్వాతి పదేళ్లు కాగితాల మీదే గడిచాయి. 2019లో భారత నాణ్యతా మండలి ఢిల్లీ, ఆ చుట్టుపక్కల దుకాణాల నుంచి 121 రకాల బొమ్మలు తెచ్చి పరీక్షిస్తే దాదాపు 67 శాతం తప్పాయి. 2020 ఫిబ్రవరిలో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు వెలువడింది. 2021 జనవరి 1 నుంచి, 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మ ఏదైనా, ఇక్కడ తయారైనా దిగుమతైనా, ఐఎస్ఐ ముద్ర లేకుండా అమ్మరాదు. చైనా సరుకును కట్టడి చేయాలన్న కోరిక కూడా అందులో ఉందని, ఉత్తర్వు వెలువడిన ఆ ఫిబ్రవరిలోనే బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి పెంచడం చూస్తే అర్థమవుతుంది. పిల్లల నోటి మీద ప్రేమ ఒక్కటే అయితే అంత వేగం వచ్చేది కాదేమో.

ఆ ప్రమాణం చూసేదేమిటంటే, సీసం లాంటి లోహాలు ఎంత దిగుతాయి, అంచులు కోసుకుంటాయా, లాగితే ముక్కలు ఊడతాయా. మూడేళ్ల లోపు వాళ్ల బొమ్మలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టం ఉంటుంది. నొక్కకుండా దానిలో పూర్తిగా ఇమిడే ముక్క ఏదైనా గొంతుకు అడ్డం పడేదే.

హస్తకళాకారులకు మినహాయింపు 2020 డిసెంబరులో వచ్చింది. ప్రభుత్వం దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ముద్ర అక్కర్లేదు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో ఇంటి అరుగుపై కొయ్య చెక్కేవారిని ప్రయోగశాల రుసుములు కట్టమనడం అన్యాయమే, ఈ మినహాయింపు సబబే. అయితే ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్కతో కలిపి అద్దే చెట్టూచేమల రంగుకు, మరోచోట డబ్బా విప్పి పూసే రంగుకు తేడా కొనేవారి కంటికి తెలియదు. మినహాయింపు రెండింటికీ ఒకటే.

ఇక అమలు. 2023 జనవరి నాటికి భారత ప్రమాణాల సంస్థ ఒక్క నెలలో ముద్ర లేని 18,600 బొమ్మలు పట్టుకుంది. పేరున్న దుకాణాల్లో, విమానాశ్రయాల్లో దొరికినవి అవి. తిరుపతి బస్టాండు బయట దుప్పటి పరిచి అమ్మే సరుకుకు అట్టపెట్టే ఉండదు, ఇక ముద్ర ఎక్కడ వెతకాలి? తొలి తప్పుకు కనీస జరిమానా 2 లక్షల రూపాయలని 2016 నాటి భారత ప్రమాణాల సంస్థ చట్టం అంటుంది. రోజుకు వెయ్యి రూపాయలు మిగలని మనిషి దగ్గర ఆ మాటకు అర్థం లేదు. తయారుచేసి ట్రంకు పెట్టెల్లో దించినవాడు ఆ దుప్పటి దగ్గర ఎప్పుడూ ఉండడు.

ఉత్తర్వులో మరో కన్నం ఉంది. అది పిల్లలు ఆడుకోవడానికని చేసిన వస్తువులకే వర్తిస్తుంది. స్వామివారి పటం వెనుక దీపం వెలిగే తాళాల గొలుసు బొమ్మ కాదు. దానిలో ఉండేది బొత్తాం అంత బ్యాటరీ. అది బిడ్డ అన్నవాహికలో ఇరుక్కుంటే తడి తగిలి విద్యుత్తు పారుతుంది, అక్కడ క్షారం పుట్టి రెండు గంటల్లోనే కండరాన్ని కాల్చేస్తుంది. బొమ్మల్లో బ్యాటరీ పెట్టే గది మూతకు మర బిగించి ఉండాలని ప్రమాణం చెబుతుంది. అమెరికాలో ఇలా ఒక పసిపాప చనిపోయాక 2022లో ఆమె పేరుతోనే చట్టం తెచ్చి, బొత్తాం బ్యాటరీ ఉన్న ఇతర ఇంటి వస్తువులకూ ఆ షరతు పెట్టారు. కొండ మీద నుంచి తెచ్చిన తాళాల గొలుసు మూత మాత్రం గోటితో ఊడుతుంది.