సెడాన్ వేరియంట్ల పట్టిక: రాసింది కంపెనీ ఒక్కటే కాదు

గత నెల మా బావమరిదితో కలిసి కూకట్‌పల్లి వైపు ఒక షోరూమ్‌కి వెళ్లాను. వెనక డిక్కీ విడిగా ఉండే మిడ్‌సైజ్ సెడాన్ కొనాలని అతని కోరిక. కాఫీ ఇచ్చారు, కారు చూపించారు, కూర్చోబెట్టి ఒక కాగితం చేతిలో పెట్టారు. అడ్డంగా వేరియంట్ల పేర్లు, నిలువుగా ఎక్స్‌షోరూమ్, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, టీసీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను), ఫాస్టాగ్, యాక్సెసరీస్. సేల్స్ కుర్రాడు పెన్ను తీసి మూడో గడి దగ్గర సున్నా చుట్టాడు.

"సార్, దీనికి ఇంకో ఎనభై వేలు వేస్తే సన్‌రూఫ్ వస్తది. ఈఎంఐల చూస్కుంటే నెలకు పదహారొందల చిల్లరనే."

మా వాడు కాగితం నావైపు తిప్పి, "బావా, ఒక్క కారుకి ఇన్ని రకాలెందుకు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే మాత్రం కాస్త వెనక్కి వెళ్లాలి.

1980ల దాకా మన దగ్గర ఈ తలనొప్పి లేదు. అంబాసిడర్, ఫియట్, అక్కడక్కడా స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడటమే కొనేవాడి పని. ఏ కారు వస్తే అదే, ఏ రంగు దొరికితే అదే. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాకే "ఏసీ ఉన్నదా, లేనిదా" అని అడిగే అవకాశం చాలా ఇళ్లకు దక్కింది. 1990లో డిక్కీ ఉన్న మారుతి 1000 వచ్చింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నారు. ఆ మరుసటి ఏడాది అదే కారు ఎస్టీమ్‌గా మారింది, దానితోపాటే ఎల్‌ఎక్స్, వీఎక్స్ లాంటి అక్షరాలు మన ఇళ్లలోకి వచ్చాయి. కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక చివర 'ఐ' చేరింది. వీఎక్స్‌ఐ అంటే అసలేమిటో తెలియకపోయినా ఎల్‌ఎక్స్‌ఐ కన్నా గొప్పదని మాత్రం పక్కింటివాళ్లకి కూడా తెలుసు.

1998 జనవరిలో హోండా సిటీ వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. మొదటి జీతాలు, మొదటి లోన్లు, మొదటి సెడాన్లు ఒకదాని వెంట ఒకటి నడిచాయి. 1999లో ఫోర్డ్ ఐకాన్, హ్యుందాయ్ యాక్సెంట్ వరసకట్టాయి. అప్పట్లో వేరియంట్ల మధ్య తేడా చేత్తో పట్టుకుని చూసేంత స్పష్టంగా ఉండేది: పవర్ స్టీరింగ్, నాలుగు పవర్ విండోలు, సెంట్రల్ లాకింగ్, ఇంజిన్ 1.3నా 1.5నా. పై మోడల్‌కి పెట్టిన డబ్బు అమీర్‌పేట ట్రాఫిక్‌లో స్టీరింగ్ తిప్పేటప్పుడు భుజాలకు తెలిసేది.

లెక్క మారింది 2006 బడ్జెట్‌తో. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లేదా డీజిల్ ఇంజిన్ 1500 సీసీ మించకపోతే అది చిన్న కారు అని కేంద్రం ఒక గీత గీసి, ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కి దించింది. గీత కనపడగానే కంపెనీలు టేపు తీసుకుని బయల్దేరాయి. 2008లో టాటా వాళ్లు ఇండిగో డిక్కీని కురచ చేసి సీఎస్ అని దించారు. 2012లో మారుతి కూడా స్విఫ్ట్ డిజైర్‌ను నాలుగు మీటర్ల లోపలికి కుదించింది. నాటి డిజైర్ వెనుక భాగం గుర్తుందా? కత్తితో కోసేసినట్టు ఉంటుంది. ఆ అందం డిజైనర్ చేసింది కాదు, పన్ను చేసింది.

అలా సెడాన్లు రెండు కులాలుగా విడిపోయాయి. గీతకు అవతల మిగిలినవే మనం మిడ్‌సైజ్ అంటున్నవి: హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్. నాలుగింటి పొడవూ నాలుగున్నర మీటర్ల పైమాటే. వాటికి 2025 దాకా ఇంకో గీత ఉండేది, 1500 సీసీ. జీఎస్టీ 28 శాతం పైన వేసే సెస్‌ను 2017 సెప్టెంబర్‌లో పెంచినప్పుడు 1500 సీసీ లోపు మధ్యతరగతి కార్లకు 17 శాతం, దాటితే 20 అన్నారు. సిటీ ఇంజిన్ 1498 సీసీ, వెర్నాది 1497, స్లావియా, వర్టస్‌ల పెద్ద ఇంజిన్ 1498. ముగ్గురు ఇంజినీర్లు వేర్వేరు దేశాల్లో కూర్చుని దాదాపు ఒకే అంకె దగ్గర ఆగడం కాకతాళీయం కాదు.

సెడాన్‌ను దెబ్బతీసింది కూడా ఈ గీతే. 2013 బడ్జెట్‌లో ఎస్‌యూవీలంటే పొడవు నాలుగు మీటర్లు, ఇంజిన్ 1500 సీసీ, గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు, మూడూ దాటాలన్నారు. వాటిపై పన్ను ఎక్కువ. 2015లో వచ్చిన హ్యుందాయ్ క్రెటా 1.6 ఇంజిన్‌తో ఆ ఎక్కువ పన్నే కట్టింది. 2020లో కొత్త క్రెటాకు 1.5 ఇంజిన్లు పెట్టేసరికి అది ఎత్తుగా ఉన్నా పన్ను లెక్కలో ఎస్‌యూవీ కాకుండా పోయింది. సిటీ కట్టే పన్నే అదీ కడుతోంది. ఎత్తుగా కూర్చోవచ్చు, గుంతల్లో అడుగు తగలదు, పన్ను తేడా లేదు. ఇక సెడాన్ ఎవరు కొంటారు? మా బావమరిది లాంటివాళ్లు, అంటే కారు నేలకు అతుక్కుని పోవాలనుకునేవాళ్లు. అవుటర్ రింగ్ రోడ్డు మీద వంద దాటాక ఆ తేడా తెలుస్తుందని అతని వాదన. నేను కాదనను.

2025 సెప్టెంబర్ 22న సెస్ తీసేశారు. చిన్న కార్లు 29 నుంచి 18 శాతానికి దిగాయి (డీజిల్‌వి 31 నుంచి). మిడ్‌సైజ్‌వి 45 నుంచి 40కి. ఇది ఎంత తేడానో అక్కడే నాప్‌కిన్ మీద లెక్క వేశాను. పన్నుకు ముందు 8 లక్షల ధర ఉన్న రెండు కార్లు అనుకోండి. నాలుగు మీటర్ల లోపుది 9 లక్షల 44 వేలకు వస్తుంది. నాలుగు మీటర్లు దాటింది 11 లక్షల 20 వేలు అవుతుంది.

కథ అక్కడితో ఆగదు, ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసు గీత ఇంకొకటి ఉంది. 2022లో తెలంగాణ లైఫ్ ట్యాక్స్ సవరించినప్పుడు 5 నుంచి 10 లక్షల కారుకు 14 శాతం, 10 నుంచి 20 లక్షల కారుకు 17 శాతం చేశారు. గీత దాటిన ముక్కకి మాత్రమే ఎక్కువ రేటు అనుకునేరు, మొత్తం ధర మీద. 9 లక్షల 99 వేల కారుకు ఆ లెక్కన 1,39,860 రూపాయలు. 10 లక్షల వెయ్యి అయితే 1,70,170. రెండు వేలు ఎక్కువ పెడితే ముప్పై వేలు ఎక్కువ పన్ను. పైగా 10 లక్షలు దాటితే 2016 నుంచి ఒక శాతం టీసీఎస్ కూడా షోరూమ్‌లోనే వసూలు చేస్తారు. అది రిటర్న్స్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది కాబట్టి పోయిన డబ్బు కాదు, కానీ ఆ రోజు జేబులోంచి పోతుంది. నా ఎనిమిది లక్షల లెక్కను ఆ 2022 రేట్లతోనే పూర్తిచేస్తే చిన్న సెడాన్ లైఫ్ ట్యాక్స్‌తో కలిపి 10 లక్షల 76 వేలు, మిడ్‌సైజ్‌ది 13 లక్షల 10 వేలు. ఫ్యాక్టరీలో రెండిటికీ ఒకే ధర, హైదరాబాద్ రోడ్డు మీదికి వచ్చేసరికి రెండు లక్షల 34 వేల తేడా. ఇందులో ఒక్క స్క్రూ కూడా అదనంగా లేదు.

2014లో వచ్చిన సిటీ బేస్ మోడల్ 7 లక్షల 42 వేలు. అదే ఏడాది మారుతి సియాజ్ 6 లక్షల 99 వేలకే మొదలైంది. 2020 జులైలో కొత్త సిటీ 10 లక్షల 90 వేలతో మొదలైంది, 2023 మార్చిలో కొత్త వెర్నా కూడా సరిగ్గా అంతే. ఈ రెండూ బేస్ మోడల్‌తోనే పది లక్షల గీత దాటేశాయి. దాటాక కంపెనీకి అక్కడ ఆగాల్సిన అవసరం లేదు. ఆ వెర్నా పట్టిక పై చివర 17 లక్షల 38 వేల దగ్గర ముగిసింది. కింది గడికీ పై గడికీ మధ్య ఆరున్నర లక్షల దూరం. ఒకప్పుడు ఈ డబ్బుతో ఇంకో సెడాన్ వచ్చేది.

డీజిల్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది ముగిసిన కథ. 2010లో పెట్రోల్ ధరకు పగ్గాలు వదిలి, డీజిల్‌కు 2014 అక్టోబర్ దాకా వదల్లేదు. ఆ నాలుగేళ్లూ డీజిల్ వేరియంటే రాజు. 2020 ఏప్రిల్ బీఎస్6 కాలుష్య నిబంధనలతో ఖర్చు పెరిగి, 2023 నాటికి సిటీ, వెర్నా రెండిట్లోనూ డీజిల్ మాయమైంది.

భద్రత దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన మార్కెట్‌లోని ఐదు చిన్న కార్లను గోడకు గుద్ది చూస్తే ఐదింటికీ సున్నా నక్షత్రాలు వచ్చాయి. అంతవరకు ఎయిర్‌బ్యాగ్ అంటే టాప్ ఎండ్ వస్తువు, అల్లాయ్ వీల్స్ పక్క గడిలో ఉండేది. ప్రాణం కూడా ఒక ఫీచరే అన్నమాట! 2019లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. 2021లో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ చేరింది. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022లో ముసాయిదా తెచ్చి, ఏడాది వాయిదా వేసి, చివరికి అక్కర్లేదన్నారు. అయినా మార్కెట్ తన దారిన తాను నడిచింది. స్లావియా, వర్టస్, వెర్నా ముగ్గురూ 2023లో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నారు. ఆ ఏటి వెర్నాలో బేస్ నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు. 2024 నవంబర్ నాటికి నాలుగు మీటర్ల లోపు డిజైర్‌లో కూడా ఆరు వచ్చాయి, ఐదు నక్షత్రాలూ వచ్చాయి.

దీనివల్ల కొనేవాడికి ఒక మేలు జరిగింది, గమనించేవాళ్లు తక్కువ. ప్రాణానికి సంబంధించినవి కింది గడిలోకి దిగిపోయాయి కాబట్టి పైకి ఎక్కించడానికి కంపెనీకి మిగిలినవి సౌఖ్యాలూ షోకులే. సన్‌రూఫ్, రంగురంగుల లైట్లు, పెద్ద తెర. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర నెత్తి మీద అద్దం ఎందుకో నాకు అర్థం కాదు. గాలి ఊదే సీట్లకు మాత్రం ఈ ఊళ్లో అర్థం ఉంది, వెనుక ఏసీ వెంట్లకు అంతకన్నా ఎక్కువ ఉంది, ఎందుకంటే అమ్మానాన్నలు కూర్చునేది వెనకాలే. ముందు కారును చూసి తానే బ్రేక్ వేసే ఏడాస్ మంచిదే. కానీ లేన్ గీతలు చెరిగిపోయిన రోడ్ల మీద, ఎడమ నుంచి ఆటో దూరే చోట దాన్ని నమ్ముకుని లక్షలు పోయాలా అన్నది వేరే ప్రశ్న. హైవేలు ఎక్కువ తిరిగేవాళ్లకు నేను అవుననే చెబుతాను.

పట్టికలో కనపడనిది ఒకటుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడుం లోతు నీళ్లు. మూడో అంతస్తు ఆయనది టాప్ ఎండ్ సెడాన్, లేని హంగు లేదు. నీళ్లు తీశాక పొద్దున్నే ఆత్రంగా స్టార్ట్ చేశారు. ఇంజిన్ నీళ్లు తాగి బిగుసుకుపోయింది. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు, కొన్న రోజున నాలుగైదు వేలు మిగులుతాయని తీసేయించారట. మొత్తం ఆయనే కట్టుకున్నారు. అందుకే ఆ కాగితం మీద నేను మొదట చూసింది సన్‌రూఫ్ గడి కాదు, ఇన్సూరెన్స్ గడి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, దాని ధర ఎవరి దగ్గర తీసుకున్నా ఒకటే. సొంత నష్టం పాలసీ మాత్రం బయట అడిగి చూడాలి, షోరూమ్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. ఆ మాట అనగానే కుర్రాడి పెన్ను కాస్త ఆగింది, తర్వాత తొమ్మిది వేలు తగ్గింది.

మా బావమరిది తనకు కావాల్సింది చెప్పాడు. "సన్‌రూఫ్ వద్దు. ఆటోమేటిక్ కావాలి, వెనక ఏసీ వెంట్లు కావాలి."

"అట్ల రాదు సార్. ఆటోమేటిక్ కావాలంటే సన్‌రూఫ్ ఉన్నదాంట్లనే వస్తది."

పట్టికలో కంపెనీ తన చేత్తో రాసింది సరిగ్గా ఇదే భాగం. జనం నిజంగా అడిగే ఒక్క వస్తువును అడగని నాలుగింటితో మూట కడతారు. బేస్ మోడల్ పేపర్ ప్రకటనలో "ప్రారంభ ధర" అని వేయడానికి పనికొస్తుంది, టాప్ ఎండ్ వీడియోలు తీసేవాళ్లకు. మధ్య రెండు గడుల్లోనే బేరం ఉంటుంది, అందుకే మూట కట్టేదీ అక్కడే. వాడిన కార్లు కొనేవాళ్లు ఐదేళ్ల తర్వాత ఇంజిన్‌కీ కిలోమీటర్లకీ డబ్బిస్తారు గానీ అద్దానికి ఇవ్వరు.

గంట సేపు ఊగిసలాడి, చివరికి మాన్యువల్ గేర్లతో రెండో గడి ఖాయం చేశాడు. మిగిలిన డబ్బులో కొంత ఇంజిన్ ప్రొటెక్ట్‌కి వెళ్లింది. మంగళవారం వద్దని అత్తమ్మ అంటే బుధవారం డెలివరీ తీసుకున్నాం. పెద్దమ్మ గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు పోనిచ్చాక మా మేనకోడలు వెనక సీట్లోకి ఎక్కి, పైకి చూసి, చేత్తో కప్పు తడిమింది.

"మామయ్యా, ఇది తెరుచుకోదా?"