ఊరి మురికి, రెల్లివీధి ఆరోగ్యం: ఒక నేపథ్యం

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగిన రాత్రి, మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా జనం తొక్కి వెళ్ళిన వీధులు తెల్లవారేసరికి మళ్ళీ శుభ్రంగా కనిపిస్తాయి. ఆ రాత్రి చీపుళ్ళు పట్టిన వారిలో చాలామంది రెల్లి కులస్థులు. శ్రీకాకుళంలోనూ, ఉత్తరాంధ్రలోని మిగిలిన పట్టణాల్లోనూ పరిస్థితి ఇంతే. వీరుండే వీధులకు అప్పుడప్పుడు వైద్య శిబిరాలు వస్తాయి. బీపీ, షుగరు చూస్తారు, పరిశుభ్రతపై నాలుగు మాటలు చెబుతారు, మద్యం మానమంటారు. ఊరంతటికీ పరిశుభ్రతను అందించేవారికి పరిశుభ్రత గురించి పాఠం చెప్పడంలోని విడ్డూరం సంగతి అలా ఉంచినా, ఈ వీధుల జబ్బులను మనుషుల అలవాట్లలో వెతకడం మొదటి నుంచీ జరుగుతున్న పొరపాటు. వాటి మూలాలు పట్టణాలు తమ మలాన్ని ఎవరి చేత, ఎలా, ఎంత కూలికి ఎత్తించాయన్న చరిత్రలో ఉన్నాయి.

రెల్లివారు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నవారే అయినా ఆ జాబితాలో కూడా అల్పసంఖ్యాకులు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలను నాలుగు వర్గాలుగా విభజించినప్పుడు, రెల్లి, దాని అనుబంధ కులాలు కలిపి 12 కులాలకు, ఎస్సీలకున్న 15 శాతం రిజర్వేషన్లలో 1 శాతం కేటాయించారు. వీరి ఇంటి భాష ఒడియాకు దగ్గరిది. దానికి బడిలో గాని ఆసుపత్రిలో గాని చోటు లేదు. 19వ శతాబ్దం చివరి జనాభా లెక్కల అధికారులు గంజాం, విశాఖపట్నం జిల్లాల రెల్లివారిని తోటపనివారుగా, కూలీలుగా రాసుకున్నారు. పండ్లు, కాయగూరలు అమ్మడం నేటికీ వీరి ఇళ్ళలో కనిపించే వృత్తి. పాకీ పని వీరికి అనాదిగా వచ్చిన కులవృత్తి అని మనం అలవోకగా అనేస్తాం కానీ, అంత పెద్ద ఎత్తున ఆ పని ఈ కులానికి అంటుకున్నది పట్టణాలకు మునిసిపాలిటీలు వచ్చాకనే అనుకోవడానికి ఈ ఒక్క వివరం చాలు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం తరువాత, 1888లో విజయనగరం మునిసిపాలిటీ అయింది. ఆ కాలపు పాలకులను అన్నిటికన్నా భయపెట్టినది కలరా. పూరీ జగన్నాథునికి వెళ్ళే యాత్రికుల బాట శ్రీకాకుళం మీదుగానే సాగేది కనుక, యాత్రల రోజుల్లో నీళ్ళు, మలం, జనసమ్మర్దం మూడూ కలిసిన చోటల్లా ఈ వ్యాధి పొంచి ఉండేది. దానికి మునిసిపాలిటీల జవాబు భూగర్భ మురుగు గొట్టాలు కాదు. వాటికి డబ్బు లేదు. మనుషుల్ని పెట్టి ఎత్తించడమే చౌక. అలా వెలసినవే పొడి మరుగుదొడ్లు. ఇంటి వెనుక సందులోకి చిన్న తలుపు, లోపల బూడిద చల్లిన నేల లేదా తొట్టి, తెల్లవారుజామున వచ్చి రేకుతో గోకి గంపలోకి ఎత్తి, నెత్తిన పెట్టుకుని బండి దాకా మోసుకెళ్ళే ఒక స్త్రీ. అవును, ఇంటింటి దొడ్లను ఎత్తే పని ఎక్కువగా ఆడవారిదే, బండి తోలడం, కాలువ పూడిక తీయడం మగవారి పని.

ఈ ఏర్పాటు ఊరి ఆరోగ్యాన్ని కొంత కాపాడి ఉండవచ్చు. దాని ఖర్చును మాత్రం వేరేవారి ఒంటి మీద రాసింది. మలంలోని నులిపురుగుల గుడ్లు గోళ్ళ సందుల్లో చేరి కడుపులోకి వెళతాయి. కొంకి పురుగు పిల్ల తడి నేల మీద నడిచే వట్టి పాదం చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోయి పేగులకు కరుచుకుని రక్తం పీల్చడం వల్ల, అసలే తిండి చాలని తల్లికి రక్తహీనత ముదురుతుంది. టైఫాయిడు, కామెర్లు, విరేచనాలు సరేసరి. వానాకాలంలో గంప కారి మెడ మీదుగా ధార కట్టేదని ఈ పని చేసిన స్త్రీలు దేశంలో ఎక్కడైనా చెప్పే మాటే. నివాసాలు ఊరి చివర, కాలువ గట్టున, చెత్త పోసే చోటికి దగ్గరగా ఏర్పడ్డాయి. దాంతో పని దిగినా జబ్బు దిగేది కాదు. ఇరుకు గదులు క్షయకు అనువైనవన్నది వేరే చెప్పనక్కరలేదు.

స్వాతంత్ర్యం తరువాత కమిటీలు వచ్చాయి, నివేదికలు వచ్చాయి, గంప బదులు చక్రాల బండి ఇవ్వాలన్న సిఫార్సులూ వచ్చాయి. మనిషి మలాన్ని మనిషి ఎత్తడం అసలు ఉండకూడదన్న చట్టం రావడానికి మాత్రం 1993 దాకా పట్టింది. అది ఆంధ్రప్రదేశ్‌లో అమలులోకి వచ్చినది 1997 జనవరి 26న. చట్టం ఉన్నా దొడ్లు ఉన్నాయి. వాటిని కూల్చిన ఘనతలో పెద్ద వాటా ఆ పని చేసినవారి కుటుంబాలదే. బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ తదితరులు నిర్మించిన సఫాయి కర్మచారీ ఆందోళన్ ఊరూరా లెక్కలు తీసి, ఫొటోలు జత చేసి, 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రాష్ట్రంలో కార్యకర్తలు గునపాలతో పొడి దొడ్లను స్వయంగా కూలగొట్టారు. ప్రజారోగ్య చరిత్రలో దీన్ని సాధారణంగా హక్కుల ఉద్యమంగానే రాస్తారు. నా దృష్టిలో, ఈ వీధులకు ఇంతవరకు అందిన వైద్యాలన్నిటిలో పెద్దది ఆ గునపపు పోటే. ఏ మందు బిళ్ళా దానికి సాటి రాలేదు.

అయితే మలం మాయం కాలేదు, చోటు మారింది. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఇళ్ళు ప్రధానంగా సెప్టిక్ ట్యాంకుల మీద, పక్క కాలువల మీద ఆధారపడి ఉన్నాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైన తరువాత మరుగుదొడ్లు పెరిగాయి, వాటితో పాటు ఏదో ఒకనాడు నిండవలసిన ట్యాంకులూ పెరిగాయి. గంప పని రోజూ కొంచెంగా రోగాన్ని ఇచ్చేది. ట్యాంకు ఒక్క నిమిషంలో ప్రాణం తీస్తుంది. గాలి ఆడని బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్ళిన గుడ్ల వాసన ఉంటుంది. మోతాదు పెరిగేకొద్దీ అది ముక్కుకు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది కాబట్టి, దిగినవాడు కంపు తగ్గిందనుకునే క్షణమే అసలు ప్రమాదం. పడినవాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోవడానికి కారణం ఇదే. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఈ వాయువును ఆపదు. దిగే ముందు రెండు చుక్కలు వేసుకోవడాన్ని దురలవాటుగా మాత్రమే చూసే వైద్య శిబిరాలు, మత్తు లేకుండా ఆ గుంటలోకి ఎవరు దిగగలరన్న ప్రశ్న వేసుకోవు.

2013లో వచ్చిన కొత్త చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు గొట్టాల్లోకి, ట్యాంకుల్లోకి మనిషిని దింపడాన్ని శిక్షార్హమైన నేరం చేసింది. మరుసటి ఏడు మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి అలా మరణించిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలన్నది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం అడిగితే ఎవరు దింపారన్న ప్రశ్న ఎదురవుతుంది. రాత్రి పూట ఇంటి యజమాని పిలిస్తే వెళ్ళేవాడికి మస్తరు (హాజరు పట్టీ) ఉండదు, మేస్త్రీ ఉండడు.

మస్తరులో ఉన్నవారి స్థితి కూడా క్రమంగా పలచబడింది. తాతకు మునిసిపాలిటీలో పర్మినెంటు కొలువు, కొడుక్కి కాంట్రాక్టు, మనవడికి ఔట్‌సోర్సింగ్, ఒకే ఇంట్లో మూడు తరాలుగా ఇది సాగింది. పర్మినెంటు కార్మికుడు జబ్బు పడితే జీతంతో సెలవు ఉండేది. కాంట్రాక్టు మనిషి రాకపోతే ఆ రోజు కూలి పోతుంది, కనుక దగ్గుతూనే వస్తాడు. క్షయ మందు ఆరు నెలలు విడవకుండా వాడాలన్న నియమం ఇక్కడే చిక్కుకుంటుంది. ప్రభుత్వం 2018 నుంచి క్షయ రోగికి పోషణ కింద నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024లో దాన్ని 1,000 చేసింది. పోయే కూలితో పోలిస్తే అది ఎంత?

అందుకే ఇటీవలి సమ్మెలను కూడా ఆరోగ్య చరిత్రలో భాగంగానే చదవాలి. 2019లో పారిశుధ్య కార్మికులకు వృత్తి సంబంధ ఆరోగ్య భత్యంగా నెలకు 6,000 రూపాయలు ఇచ్చారు. 2022లో మూల వేతనం 15,000కు పెరిగినప్పుడు ఆ భత్యం ఆగిపోయే పరిస్థితి రాగా, జూలైలో రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు చీపుళ్ళు దించారు. రెండూ కలిపి 21,000 ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకున్నాక పనిలోకి వచ్చారు. 2023 డిసెంబరు ఆఖరులో మళ్ళీ సమ్మె. ఈ పని ఒంటికి నష్టం చేస్తుందని ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఒప్పుకున్న అరుదైన పత్రం ఆ భత్యపు ఉత్తర్వే.

ఆసుపత్రుల వైపు నుంచి జరిగిన ప్రయత్నాలు లేకపోలేదు. 2000 ప్రాంతంలో రాష్ట్రంలోని పట్టణ మురికివాడల్లో స్వచ్ఛంద సంస్థల ద్వారా ఆరోగ్య కేంద్రాలు నడిపారు. వాటిలో ఆ వాడ స్త్రీల బృందాలే గర్భిణులను, టీకాలు పడవలసిన పిల్లలను గుర్తించి తీసుకువచ్చేవి. 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వచ్చి పొదుపు సంఘాలను పట్టణాల్లో అల్లింది, 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్‌తో వార్డుల్లోకి ఆశా కార్యకర్తలు వచ్చారు. టీకాలు, కాన్పుల విషయంలో ఈ వరుస మేలు చేసిందనడానికి సందేహం లేదు. కానీ ఇవన్నీ తల్లినీ బిడ్డనూ చూశాయి, పనిని చూడలేదు. పైగా పగటి పూట ఇంటింటికీ వచ్చే కార్యకర్తకు, తెల్లవారకముందే పనికి వెళ్ళిన స్త్రీ దొరకదు.

మరో అడ్డంకి లెక్కలది. ఆరోగ్య సర్వేలు ఎస్సీలను ఒకే ముద్దగా చూపుతాయి. అందులో 1 శాతం వాటా వారి రక్తహీనత గాని, క్షయ గాని విడిగా కనిపించదు. 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసిన ఎస్సీ వర్గీకరణకు 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్ళీ దారి తెరిచింది. 2025లో రాష్ట్రం తెచ్చిన ఆర్డినెన్సు రెల్లి అనుబంధ కులాలను మొదటి వర్గంలో చేర్చింది. చర్చ యావత్తూ బడి సీట్ల చుట్టూ, ఉద్యోగాల చుట్టూ తిరిగింది. ఆ విభజన ప్రకారం ఆరోగ్య లెక్కలు కూడా తీస్తే ఏమి తేలుతుందన్నది ఎవరూ అడగలేదు.

కేంద్రం 2023-24లో మొదలుపెట్టిన నమస్తే పథకం మురుగు గొట్టాలు, ట్యాంకులు శుభ్రం చేసేవారిని ఒక్కొక్కరినీ నమోదు చేసి, రక్షణ సామగ్రి, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా ఇవ్వాలంటోంది. 2024లో చెత్త ఏరేవారిని కూడా అందులో చేర్చారు. నమోదుకు మనిషి తనంతట తాను వచ్చి ఫలానా పని చేస్తానని చెప్పాలి. రాత్రి ట్యాంకు దిగేవాడు పగలు పండ్ల బండి తోస్తాడు. ఆ బండి మీది జామకాయ కొనేవారు ఎదుట ఉండగా, వార్డు కార్యాలయంలో అతడు రాయించుకునేది పండ్ల వ్యాపారమనే.