బొండం తాగొచ్చాండీ? నీటి మాత్రల పూర్వకథ

కాళ్ళకు నీరు దిగి మందులు వాడే కోనసీమ మనిషి డాక్టరును అడగకుండా వదలని ప్రశ్న ఒకటుంది: ‘బొండం తాగొచ్చాండీ?’ ఒకరిని తాగమంటారు, పక్కింటాయన్ని వద్దంటారు. ఇద్దరూ మింగేది ఒంట్లో నీటిని మూత్రంలోకి పంపే నీటి మాత్రే కదా అని ఇంటికొచ్చి తగువు. చిక్కంతా ఆ పేరుతోనే. పుట్టుకా పనీ వేరైన మందులన్నిటినీ మనం ఆ ఒక్క పేరుతో పిలుస్తున్నాం.

వాపుకు గలిజేరు, పల్లేరు కషాయాలు కాచుకోవడం మన దగ్గర పాత అలవాటే. గట్టిగా పనిచేసే మందు మాత్రం అనుకోకుండా దొరికింది. 1919లో వియన్నాలో సిఫిలిస్‌కు పాదరసం కలిసిన సూది వేస్తుంటే రోగికి మూత్రం అమాంతం పెరిగింది. ఆల్ఫ్రెడ్ వోగ్ల్ అనే వైద్య విద్యార్థి దాన్ని పట్టుకున్నాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు గుండెజబ్బు వాపులకు ఆ విషమే దిక్కు. తర్వాతి మలుపు ఇన్ఫెక్షన్లకు వాడే సల్ఫా మందులది. అవి మూత్రంలో ఉప్పును పోగొడుతున్నాయని తెలిసి, 1949లో విలియం ష్వార్ట్జ్ గుండెజబ్బు రోగులకు ఇచ్చి చూశాడు. వాపు దిగింది గానీ ఎక్కువ రోజులు వాడే మందు కాదది. ఆ దారిలోనే వెళ్ళి మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలు 1957 నాటికి క్లోరోథయజైడ్ తెచ్చారు. ఇప్పటి బీపీ మాత్రల్లోని హైడ్రోక్లోరోథయజైడ్ దాని తమ్ముడే. 1960లలో ఫ్రుసెమైడ్ వచ్చింది; లాసిక్స్ అంటే అందరికీ తెలుస్తుంది. స్పైరనోలాక్టోన్‌దీ ఇంచుమించు అదే కాలం.

పనితీరు డెల్టావాళ్ళకు చెప్పడం తేలిక. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకట్టి, లీటరున్నర తప్ప మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి. ఉప్పు ఎటు పోతే నీరు అటే. ఏ లాకు దగ్గర ఉప్పును ఆపామన్నదే తేడా. లాసిక్స్ పెద్ద కాలువ మీదే అడ్డం పడుతుంది. పావు వంతు ఉప్పు వెనక్కి మళ్ళే చోటది, అందుకే గంటలోపే వరద. థయజైడ్లు ఇంకా దిగువన పిల్లకాలువ మీద, నిదానంగా రోజంతా. స్పైరనోలాక్టోన్ శివారు బోదె దగ్గర.

శివారుకు ఉప్పు ఎక్కువ చేరితే ఒళ్ళు దాన్ని లాక్కుని బదులుగా పొటాషియాన్ని వదిలేస్తుంది. అందుకే లాసిక్స్, థయజైడ్ల వల్ల పొటాషియం పడిపోయి నీరసం, పిక్కలు పట్టేయడం, గుండె దడ. స్పైరనోలాక్టోన్ ఆ మార్పిడినే ఆపుతుంది కాబట్టి పొటాషియం లోపలే పేరుకుంటుంది. గ్లాసుడు బొండం నీళ్ళలో అరటిపండుకు తీసిపోనంత పొటాషియం ఉంటుంది. కిడ్నీలు నీరసించి, పైన టెల్మిసార్టానో రామిప్రిలో బీపీకి వాడేవాళ్ళకు స్పైరనోలాక్టోన్, బొండం రెండూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు, ముందస్తు హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు.

ఇది ఉత్త భయం కాదు. ముదిరిన గుండె వైఫల్యంలో కొద్దిపాటి స్పైరనోలాక్టోన్ మరణాలను 30 శాతం దాకా తగ్గిస్తుందని 1999లో ఒక పరిశోధనలో తేలింది. మంచి వార్తే. కెనడాలోని ఒంటారియోలో వాడకం ఒక్కసారిగా పెరిగింది, వెంటనే పొటాషియం పెరిగి ఆసుపత్రిపాలైన వృద్ధులూ పెరిగారు. మందు అదే, రక్తపరీక్షల మీద అంత శ్రద్ధ పెట్టే పరిశోధన వాతావరణం మాత్రం బయట లేదు.

అందుకే మందు మొదలెట్టాకా, మోతాదు మార్చాకా ఒకటి రెండు వారాల్లో రక్తంలో సోడియం, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోవాలి. మాత్ర పొద్దున్నే వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్ర వేసుకోవాలా ఆపాలా అన్నది డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి. మోకాళ్ళ నొప్పులకని డైక్లోఫెనాక్ కొనుక్కుని కలిపి మింగితే కిడ్నీ మీద దెబ్బ పడుతుంది.

ఇక మన గోదావరి జిల్లాలకు పాత చుట్టం బోదకాలు. కాలు వాచింది కదా అని మందుల షాపులో లాసిక్స్ అడిగి తెచ్చుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అక్కడ చేరింది దారి మూసుకుపోయిన లింఫు, అంటే కణాల మధ్య నుంచి సన్నటి నాళాల్లో పారే ద్రవం. అది లాసిక్స్‌కు లొంగదు. ఆ కాలికి కావలసింది రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచి, పడుకున్నప్పుడు దిండు మీద ఎత్తి పెట్టడం.